ట్యూనర్ కొనేముందు వెనక్కి తిప్పి చూడండి



సంక్రాంతి దగ్గరపడుతోందంటే మా సర్వీసింగ్ షాపుకి వచ్చే ఫోన్లలో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది. "మా అబ్బాయి అమెరికా నుంచి పండక్కి వస్తున్నాడండీ. ఇంట్లో మంచి ఆంప్లిఫయర్ ఉంది, స్పీకర్లున్నాయి. రేడియో వినడానికి అక్కణ్ణుంచి ఒక ట్యూనర్ తెమ్మందామనుకుంటున్నాం. ఏ కంపెనీది తెమ్మనమంటారు?" అని అడుగుతారు. కొందరు అమెరికా బదులు దుబాయ్ అంటారు, కొందరు లండన్ అంటారు, ఈమధ్య జపాన్ అనేవాళ్లు కూడా పెరిగారు. ఊరు ఏదైనా ప్రశ్న మాత్రం అదే. ఏ కంపెనీది?

కంపెనీ సంగతి తరవాత మాట్లాడుకుందాం. సోనీ, పయనీర్, కెన్‌వుడ్, యమహా, శాన్‌సుయి, మరాంజ్ ఇలా మంచి ట్యూనర్లు చేసిన కంపెనీలు చాలానే ఉన్నాయి. వాటిలో ఏది తెచ్చుకున్నా మీ చెవులకు సరిపోతుంది. నేను అందరికీ చెప్పే మాట ఒక్కటే. ట్యూనర్‌ని ముందువైపు చూసి డబ్బివ్వకండి. వెనక్కి తిప్పి చూడండి. ఈ పావుగంటలో ఈ మాట మళ్లీ మళ్లీ అంటాను, విసుక్కోకండి. మా బల్ల మీదికి వచ్చే విదేశీ ట్యూనర్లలో ఎక్కువ భాగానికి రోగమేమీ ఉండదు. కొన్నవాళ్లు వెనకవైపు చూడకపోవడం వల్ల వచ్చిన చిక్కు మాత్రమే ఉంటుంది.

ముందువైపు ఏముంటుంది? మెరిసే అల్యూమినియం ప్లేటు, వెలిగే డయలు, ఊగే ముళ్లు, ఆకుపచ్చ అంకెలు. చూడటానికి బాగుంటాయి, కాదనను. కానీ ఆ పెట్టె ఏ దేశం కోసం తయారైందో ముందువైపు చాలావరకు తెలియదు. అది వెనకవైపు కరెంటు తీగ పక్కన చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్, అమెరికాకి ఒక రకంగా, యూరప్‌కి ఒక రకంగా, జపాన్‌కి ఇంకో రకంగా తయారవుతుంది. ముందునుంచి చూస్తే అన్నీ ఒకటే. మన ఇంట్లో ప్లగ్గు పెట్టాకే తేడా బయటపడుతుంది.

ఒక అనుభవం చెబుతాను. కాస్త పొడుగే. కానీ నేను చెప్పదలచుకున్నదంతా అందులోనే ఉంది.

కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన మా షాపు ముందు ఆటో దిగారు. చేతుల్లో దుప్పటి చుట్టిన పెట్టె. రిటైరైన లెక్కల మాస్టారు. సొంతూరు తెనాలి దగ్గర పల్లె, ఉద్యోగమంతా గుంటూరు జిల్లాలోనే చేశారు, ఇప్పుడు హైదరాబాదులో కూతురి దగ్గర ఉంటున్నారు. కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. అక్కడ ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్ముతుంటే ఈ అబ్బాయి ఒక మంచి డిజిటల్ ట్యూనర్ కొన్నాడు. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి, జాగ్రత్తగా తండ్రికి తెచ్చి ఇచ్చాడు. తండ్రికి రేడియో అంటే ఎంత ఇష్టమో వాడికి తెలుసు. తెల్లవారుజామున విజయవాడ కేంద్రం భక్తిరంజని వినందే కాఫీ తాగని మనిషి ఆయన. రాత్రి వివిధ భారతిలో పాత పాటలు వినందే పడుకోరు.

పెట్టె బల్ల మీద పెట్టి, "బాబూ, ఇందులో అన్నీ వస్తున్నాయి, నాకు కావలసిందొక్కటే రావట్లేదు" అన్నారు.

"ఏవేవి వస్తున్నాయి మాస్టారూ?" అన్నాను.

"91.1 వస్తోంది. 92.7 వస్తోంది. 93.5, 98.3 శుభ్రంగా వస్తున్నాయి. రెయిన్‌బో 101.9 బ్రహ్మాండంగా ఉంది. వివిధ భారతి దగ్గరికి వచ్చేసరికే చిక్కు. 102.7 చూపిస్తుంది, మళ్లీ నొక్కితే 102.9 చూపిస్తుంది. మధ్యలో 102.8 లేదు. రెండింట్లో ఎక్కడ పెట్టినా పాట చీలిపోతోంది. స, శ వచ్చినచోటల్లా బుసకొడుతోంది. ఒక్కోసారి స్టీరియో దీపం కూడా ఆరిపోతోంది."

అప్పటికే ఆయన చాలా ఖర్చు పెట్టారు. ఎవరో చెప్పారని మేడ మీద కొత్త ఏరియల్ పెట్టించారు. ఇంకెవరో చెప్పారని ఆంప్లిఫయర్‌ని సర్వీసింగ్‌కి ఇచ్చారు. స్పీకర్ల తీగలు మార్పించారు. చివరికి ట్రాన్స్‌మిటర్‌లోనే ఏదో లోపం ఉండి ఉంటుందని ఆకాశవాణికి ఉత్తరం రాయబోతున్నారు.

ఆయన చెప్పిన అంకెలు వింటుంటేనే నాకు సంగతి తెలిసిపోయింది. లెక్కల మాస్టారు కదా, ఆయన చేతే చెప్పిద్దామని అడిగాను. "మాస్టారూ, బాగా వస్తున్న స్టేషన్ల చివరి అంకెలు ఒకసారి వరసగా చెప్పండి."

"ఒకటి, ఏడు, అయిదు, మూడు, తొమ్మిది..." అని ఆగారు. నా మొహం వంక చూశారు. "అన్నీ బేసి సంఖ్యలే!" అన్నారు.

అదీ సంగతి. అమెరికాలో ఎఫ్‌ఎం స్టేషన్లన్నిటికీ దశాంశ స్థానంలో బేసి అంకే ఇస్తారు. 87.9, 88.1, 88.3 అలా 107.9 దాకా. అందుకని అక్కడికోసం చేసిన డిజిటల్ ట్యూనర్లలో చాలా వాటిని 0.2 చొప్పున, అంటే 200 కిలోహెర్ట్జ్‌ల చొప్పున గెంతేలా తయారుచేస్తారు. మెట్లు ఎక్కే మనిషి రెండు మెట్ల మధ్య కాలు మోపలేనట్టే ఆ ట్యూనర్ 102.7కీ 102.9కీ మధ్య నిలవలేదు. మన దేశంలో అలాంటి నియమం లేదు. హైదరాబాదులో ప్రైవేటు స్టేషన్ల అంకెలు చాలావరకు బేసి కావడం వల్ల అవన్నీ వచ్చాయి. వివిధ భారతి 102.8 సరి సంఖ్య కాబట్టి అదొక్కటే రాలేదు. ఇదే పెట్టె విజయవాడ తీసుకెళితే అక్కడి రెయిన్‌బో 102.2 రాదు. తిరుపతి తీసుకెళితే 103.2 రాదు. అంటే ఆకాశవాణి వినాలనుకునేవాళ్లకే ఎక్కువ దెబ్బ.

"మరి విజయవాడ భక్తిరంజని?" అని మాస్టారు తరవాతి ప్రశ్న వేశారు. అది మీడియం వేవ్. దాని అంకె 837. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్‌ల ఎడంతో ఉంటాయి. హైదరాబాద్ 738, విజయవాడ 837, విశాఖపట్నం 927, ఏదైనా తీసుకోండి, తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతుంది. మాస్టారు అక్కడే నోటితో లెక్క కట్టి సరిచూసుకున్నారు. అమెరికాలో ఎడం 10. వాళ్ల ట్యూనర్‌లో 830 ఉంది, 840 ఉంది, 837 లేదు. 840 దగ్గర పెడితే పాట వినిపిస్తుంది గాని గొంతు ముక్కుతో పాడినట్టు, అంచులు అరిగిపోయి వినిపిస్తుంది.

అప్పుడు పెట్టెను వెనక్కి తిప్పి ఆయనకు చూపించాను. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసి ఉంది. అంతే. ఇంకే స్విచ్చూ లేదు. అది పూర్తిగా అమెరికా కోసం చేసిన పెట్టె. కొడుకు జాగ్రత్తపరుడు కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొనిచ్చాడు, అందుకని కాలిపోకుండా బతికింది. ఆ అబ్బాయి కొనేటప్పుడు వెనక్కి తిప్పి ఆ రెండు అంకెలు చదివి, మన దగ్గర ఎవరినైనా ఒక్కమాట అడిగి ఉంటే, మేడ మీద కొత్త ఏరియల్ ఖర్చు, ఆంప్లిఫయర్ సర్వీసింగ్ ఖర్చు రెండూ మిగిలేవి.

మాస్టారి పెట్టె బాగుపడింది. ఎలాగో చెబుతాను. ఇలాంటి ట్యూనర్లలో చాలావాటికి లోపలి మెదడు, అంటే కంట్రోలర్ చిప్పు, అన్ని దేశాలకూ ఒకటే ఉంటుంది. ఏ దేశమో దానికి తెలియజెప్పడానికి బోర్డు మీద ఒకటో రెండో చిన్న డయోడ్లు ఉంటాయి. ఫలానా చోట డయోడ్ ఉంటే అమెరికా, లేకపోతే యూరప్, అలా. ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ సంపాదించి, డయోడ్ స్థానం మార్చాను. వెంటనే ఎఫ్‌ఎం 0.05 చొప్పున, మీడియం వేవ్ 9 చొప్పున కదలడం మొదలుపెట్టింది. 102.8 వచ్చింది, 837 వచ్చింది.

ఇంకొక్క పని మిగిలింది. అమెరికా ఎఫ్‌ఎంకీ మనకీ ఇంకో తేడా ఉంది, అది చెవికి మాత్రమే తెలుస్తుంది. స్టేషన్‌లో పాటలోని సన్నటి ధ్వనుల్ని కాస్త పెంచి పంపుతారు, మన ట్యూనర్‌లో అంతే తగ్గిస్తారు. దానివల్ల దారిలో కలిసే బుస కూడా తగ్గుతుంది. ఆ పెంచడం తగ్గించడం మన దగ్గరా యూరప్‌లోనూ 50 మైక్రోసెకండ్ల లెక్కన, అమెరికాలో 75 లెక్కన. మన ప్రసారాన్ని అమెరికా ట్యూనర్‌లో వింటే అవసరానికి మించి తగ్గిపోతుంది. 10 కిలోహెర్ట్జ్ దగ్గర మూడు డెసిబెల్స్ పైచిలుకు పోతుంది. తాళాల మోత మందగిస్తుంది, వయొలిన్ మీద కమాను రాసే సవ్వడి వెనకబడుతుంది. మాస్టారి పెట్టెలో రెండు 0.015 మైక్రోఫారడ్ కెపాసిటర్లు తీసి 0.01 పెట్టాను, లెక్క సరిపోయింది. ఆ సాయంత్రం వివిధ భారతిలో ఒక పాట పూర్తయ్యేదాకా ఆయన కుర్చీలోంచి లేవలేదు.

అయితే ఒక మాట. అన్ని పెట్టెలకీ ఇది కుదరదు. కొన్నిటిలో చిప్పే వేరు, డయోడ్ దారి ఉండదు. కొన్నిటికి మాన్యువల్ దొరకదు. బాగుచేసే అవకాశం ఉంటుందిలే అన్న ధైర్యంతో కొనకండి. కొనేముందే వెనక్కి తిప్పి చూడండి.

ఇప్పుడు ఏ దేశం పెట్టె మనకు ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం.

అమెరికా, కెనడా సంగతి విన్నారు. అక్కణ్ణుంచే తెప్పించుకోవలసి వస్తే, ముల్లు తిరిగే పాత డయలు ట్యూనర్ తెప్పించుకోండి. దానికి ఈ గెంతుల బాధ లేదు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది. 102.8 అయినా 837 అయినా వేలితో తిప్పి పట్టుకోవచ్చు. వోల్టేజి మాత్రం అక్కడిదే కాబట్టి స్టెప్‌డౌన్ తప్పదు. డిజిటల్‌దే కావాలంటే, వెనక 50, 100, 200 అనో, 9, 10 అనో రాసి ఉన్న చిన్న స్విచ్చు ఉందేమో చూడమనండి. ఉంటే నిశ్చింతగా కొనొచ్చు. కొన్ని మోడళ్లలో స్విచ్చు ఉండదు గాని, రెండు బటన్లు నొక్కిపట్టి ఆన్ చేస్తే మారుతుంది. అది ఆ మోడల్ పుస్తకంలో ఉంటుంది, కొనేముందే చదివించండి.

జపాన్ విషయంలో మరీ జాగ్రత్త. పాత జపాన్ ట్యూనర్లు అందంగా ఉంటాయి, అక్కడ చవగ్గా కూడా దొరుకుతాయి. అందుకే మనవాళ్లు ముచ్చటపడతారు. కానీ జపాన్‌లో అమ్మకానికి చేసిన పాత ట్యూనర్ల ఎఫ్‌ఎం 76 దగ్గర మొదలై 90 దగ్గర ఆగిపోతుంది. కొత్తవాటిలో 95 దాకా వెళ్లేవి ఉన్నాయి. మనం రోజూ వినే పెద్ద స్టేషన్లన్నీ 91 పైనే ఉన్నాయి. ఆకాశవాణివి 100 దాటాక ఉన్నాయి. అంటే ఆ పెట్టె పూర్తి ఆరోగ్యంగా ఉండి కూడా ఇక్కడ మూగగా కూర్చుంటుంది. దానికి కరెంటు కూడా 100 వోల్టులే కావాలి. మామూలు 110 వోల్టుల స్టెప్‌డౌన్ పెడితే పదిశాతం ఎక్కువ పోతుంది. జపాన్ కంపెనీలు బయటి దేశాల కోసం చేసినవి వేరు, జపాన్ లోపల అమ్మినవి వేరు. పేరు ఒకటే ఉంటుంది. వెనక 100 వోల్టులు అని ఒక్కటే అంకె కనిపిస్తే అది జపాన్ లోపలిది. వదిలేయండి.

యూరప్‌ది, లండన్‌ది అయితే మనకు అన్నీ కలుస్తాయి. 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మీడియం వేవ్ 9 చొప్పున. ఎఫ్‌ఎం 0.05 చొప్పున, అందులో సరి, బేసి అన్నీ వస్తాయి. సన్నధ్వనుల లెక్క కూడా మనదే. మీ పిల్లలు ఇంగ్లండ్‌లోనో జర్మనీలోనో ఉంటే మీరు అదృష్టవంతులు, అక్కణ్ణుంచి తెప్పించుకోండి. ఒక్కటే చూడాలి. అక్కడ ఈమధ్య డ్యాబ్ అనే డిజిటల్ ప్రసారం వినే ట్యూనర్లు ఎక్కువగా అమ్ముతున్నారు. నార్వే అయితే 2017లో జాతీయ స్టేషన్లన్నిటినీ ఎఫ్‌ఎం నుంచి తీసేసి దానికే మారింది. మనకు ఆ డ్యాబ్ స్టేషన్లు లేవు. కాబట్టి డ్యాబ్ ఉన్నందుకు అదనంగా డబ్బు పెట్టకండి. ఎఫ్‌ఎం కూడా ఉందో లేదో రూఢి చేసుకోండి.

ఇక గల్ఫ్. నిజామాబాద్, కరీంనగర్, కోనసీమ, రాయచోటి వైపు ఎన్ని ఇళ్లలో గల్ఫ్ నుంచి వచ్చిన స్టీరియోలు ఉన్నాయో మీకే తెలుసు. అక్కడ అమ్మేవి ఎక్కువగా అన్ని దేశాలకూ పనికొచ్చేలా చేసినవి. వెనక వోల్టేజి మార్చుకునే గుండ్రటి సెలెక్టర్ ఉంటుంది, గెంతు మార్చే స్విచ్చు ఉంటుంది. మంచివే. కానీ ఆ సెలెక్టర్ ఎక్కడుందో చూడకుండా ప్లగ్గు పెట్టి, పొగ వచ్చాక మా దగ్గరికి తెచ్చినవాళ్లు ఉన్నారు. అది 110 దగ్గరో 127 దగ్గరో ఉండగా మన 230 ఇచ్చారంటే ఫ్యూజు పోవడంతో సరిపెట్టుకుంటే అదృష్టం, లేదంటే లోపలి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. తీగ ప్లగ్గులోంచి పీకి, పెట్టె వెనక్కి తిప్పి, సెలెక్టర్ 220 లేదా 240 దగ్గర ఉందో లేదో చూసి, అప్పుడు పెట్టండి.

స్టెప్‌డౌన్ గురించి ఒక్కమాట. ట్యూనర్ తాగే కరెంటు తక్కువ, సాధారణంగా 10 నుంచి 20 వాట్లు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, 50, 100 వాట్లది చాలు. కానీ బరువుగా, రాగి తీగ చుట్టిన అసలు ట్రాన్స్‌ఫార్మర్ అయి ఉండాలి. ప్రయాణాల్లో హెయిర్ డ్రయ్యర్‌కి వాడే తేలికపాటి కన్వర్టర్లు ఉంటాయి, వాటిని ట్యూనర్‌కి ఎట్టిపరిస్థితుల్లోనూ వాడకండి.

విదేశాల నుంచి వద్దు, ఇక్కడే సెకండ్ హ్యాండ్‌లో చూసుకుంటాం అనేవాళ్లకూ నా మాట అదే. కోఠీలో చూడండి, ఎర్రగడ్డ ఆదివారం సంతలో చూడండి, ఇంటర్నెట్‌లో చూడండి. అమ్మేవాళ్లు ముందువైపు తుడిచి, దీపాలు వెలిగించి చూపిస్తారు. ఇంటర్నెట్‌లో అయితే నాలుగు ఫోటోలూ ముందువైపువే పెడతారు. మీరు వెనకవైపు ఫోటో అడగండి. ఇవ్వనంటే ఆ బేరం అక్కడితో ఆపండి. వెనక రాసిన అక్షరాలు గీకేసి ఉన్నా ఆపండి. కరెంటు తీగ మార్చి అతుకు వేసి ఉంటే, ఎందుకు మార్చారో అడగండి.

చేత్తో చూసి కొనేటప్పుడు ఇంకో పరీక్ష ఉంది. పాత డయలు ట్యూనర్లలో రెండు ముళ్లుంటాయి. ఒకటి సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెబుతుంది, రెండోది స్టేషన్ సరిగ్గా మధ్యలో పడిందో లేదో చెబుతుంది. ఏదైనా బలమైన స్టేషన్ పెట్టి నెమ్మదిగా తిప్పండి. మొదటి ముల్లు బాగా పైకి లేచినచోటే రెండో ముల్లు నడిమధ్యన నిలవాలి. అక్కడే పాట కూడా శుభ్రంగా ఉండాలి. మూడూ మూడు చోట్ల జరిగితే లోపలి కాయిళ్లు లెక్క తప్పాయని అర్థం. బాగుచేయొచ్చు, కానీ ఆ ఖర్చు బేరంలో తగ్గించమని అడగండి. స్టీరియో దీపం వెలుగుతోందో లేదో కూడా చూడండి.

వెనకవైపే ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది, ఏరియల్ తగిలించే చోటు. అక్కడ 75 ఓం అని ఒక గుండ్రటి సాకెట్టు, 300 ఓం అని రెండు మరలు ఉండొచ్చు, లేదా ఏదో ఒకటే ఉండొచ్చు. 300 మరలకు చదును రిబ్బన్ తీగతో చేసిన టీ ఆకారం ఏరియల్ వస్తుంది, 75కి టీవీ కేబుల్ లాంటి గుండ్రటి తీగ. మీ దగ్గర ఉన్న తీగకూ పెట్టెకూ కుదరకపోతే బాలన్ అనే చిన్న జోడింపు ముక్క కావాలి. పాత టీవీల సామాను అమ్మే షాపులో దొరుకుతుంది. ఏదీ లేకపోతే ఒక పని చేయండి. 75 ఓం తీగ చివర లోపలి తీగకు ఒక వైపు, పైజల్లెడకు ఒక వైపు, ఒక్కొక్కటి సుమారు 73 సెంటీమీటర్ల మామూలు కరెంటు తీగ అతికించి, అడ్డంగా చాచి కర్రకు కట్టండి. అది చక్కటి ఎఫ్‌ఎం ఏరియల్. మేడ మీద మిగిలిపోయిన పాత దూరదర్శన్ ఏరియల్ ఉంది కదా అని దానికి కలపకండి, దాని కొలతలు ఎఫ్‌ఎంకి చేసినవి కావు. కేబుల్ టీవీ తీగ కూడా కలపకండి.

ఏరియల్‌ను అటూ ఇటూ తిప్పి చూడటం చాలామంది మరిచిపోతారు. విశాఖలో కొండలున్నాయి, హైదరాబాదులో ఎత్తైన అపార్ట్‌మెంట్లున్నాయి. ప్రసారం నేరుగా ఒకసారి, గోడకు తగిలి తిరిగి ఇంకోసారి వస్తుంది. సిగ్నల్ ముల్లు నిండుగా చూపిస్తుంది, కానీ స, శ పలికినప్పుడు గరగరమంటుంది. అప్పుడు ట్యూనర్ మార్చకండి, ఏరియల్ దిక్కు మార్చండి. దూరపు స్టేషన్‌లో బుస ఎక్కువగా ఉంటే మోనో బటన్ నొక్కండి. స్టీరియోకి కావలసినంత బలమైన సిగ్నల్ మోనోకి అక్కర్లేదు, బుస ఒక్కసారిగా తగ్గిపోతుంది.

సమయం దగ్గరపడింది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ట్యూనర్ తీగల్ని ఆంప్లిఫయర్‌లో ట్యూనర్ అనో ఆక్స్ అనో రాసినచోట పెట్టండి, ఫోనో అన్నచోట పెట్టకండి, అది రికార్డు ప్లేయర్‌కి. మీడియం వేవ్‌లో గుర్రుమంటుంటే ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్ ఒక్కొక్కటీ ఆపి చూడండి, మీడియం వేవ్‌కి వాడే తీగ చుట్ట ఉంటుందే, ఆ లూప్ ఏరియల్‌ని వాటికి దూరంగా జరపండి. వానాకాలం ఉరుములు మొదలైతే మేడ మీది ఏరియల్ తీగను పెట్టెలోంచి పీకేయండి, అలాగే ప్లగ్గు కూడా. ఆ ఏరియల్ కట్టిన ఇనుప గొట్టానికి ఎర్త్ వేయించండి. సెన్సిటివిటీ, సెలెక్టివిటీ అంకెల కోసం రాత్రింబవళ్లు చదవకండి. మన ఊళ్లలో స్టేషన్ల మధ్య ఎడం బాగానే ఉంది, మామూలు మంచి ట్యూనర్ చాలు.

ఒకరిద్దరు అడిగారు, ఫోన్‌లో ఆప్ పెట్టుకుంటే ఆకాశవాణి వస్తోంది కదా, ఈ ట్యూనర్ ఎందుకని. ప్రయాణంలో ఆప్ మంచిదే. కానీ మద్రాసులో 1977 జూలై 23న మన దేశపు తొలి ఎఫ్‌ఎం ప్రసారం మొదలైనప్పుడు దాని ఉద్దేశమే మంచి నాణ్యతతో వినిపించడం. ఎఫ్‌ఎంలో 15 కిలోహెర్ట్జ్ దాకా ధ్వని వస్తుంది. మంచి ట్యూనర్, మంచి ఏరియల్, మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న స్పీకర్లు. ఈ మూడూ కలిస్తే నాదస్వరం నాదస్వరంలా వినిపిస్తుంది. నెలనెలా కట్టే డబ్బేమీ లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. తుఫాను వచ్చి సెల్ టవర్లు పడిపోయిన రోజున ఆకాశవాణి మీ ఇంటికి వస్తుంది, ఇన్వర్టర్ ఉంటే చాలు. ఇంత మంచి వస్తువును తప్పు దేశం పెట్టె కొని పాడుచేసుకోకండని నా బాధ.

కాబట్టి మీ పిల్లలకు ఈ రాత్రే చెప్పండి. కొనేముందు వెనకవైపు ఫోటో తీసి మీకు పంపమనండి. అందులో నాలుగు చూడండి. వోల్టేజి 230 ఉందా, మార్చుకునే సెలెక్టర్ ఉందా, లేక స్టెప్‌డౌన్ పెట్టుకుంటారా? మీడియం వేవ్ 9 చొప్పున కదులుతుందా, లేక ముల్లు తిరిగే డయలా? ఎఫ్‌ఎం 108 దాకా వెళుతుందా, 102.8 దగ్గర ఆగుతుందా? ఏరియల్ తగిలించే సాకెట్టు ఏది? వెనక రాసి లేనిది ఆ మోడల్ పుస్తకంలో చూడండి, లేదా అమ్మేవాళ్లని ఆ అంకె నొక్కి చూపించమనండి. నాలుగింటికీ సరైన సమాధానం దొరికితే ఏ కంపెనీదైనా కొనండి. ఒక్కటి కుదరకపోయినా, ఎంత చవగ్గా వచ్చినా, ఎంత అందంగా ఉన్నా వద్దనండి.